మా ప్రయాణపు డబ్బాలో ఎప్పుడూ పులిహోరే ఎందుకు?

దూర ప్రయాణం ఉందంటే చాలు, మా అమ్మ పులిహోర కడుతుంది. డిగ్రీలో చేరడానికి మొదటిసారి హైదరాబాద్ బస్సెక్కిన రోజూ అదే. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజూ అదే. విచిత్రమేమిటంటే మా ఇంట్లో పులిహోర అంతగా ఇష్టపడేవాళ్ళు ఎవరూ లేరు. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ఊరు, ఊరి చివర మాదిగవాడ. మాకు పండగంటే పెద్దకూర, బోటి, నల్ల. ముసురు పట్టిన రోజుల్లో డబ్బాలోంచి తీసి గోంగూరలో వేసి వండిన ఎండు తునకలు. వీటిలో ఏ ఒక్కటీ రైలు బోగీలో మూత తీయడానికి పనికిరాదు. పులిహోర పనికొస్తుంది. దాని వాసన తగిలితే పక్క సీటువాళ్ళు ముక్కు మూసుకోరు, ఇంటిపేరు అడగరు, వీలైతే కొంచెం రుచి చూస్తామంటారు కూడా.

చాలా ఏళ్ళు ఇది నిల్వ కోసం అనుకున్నాను. చింతపండు పులుపుకి అన్నం త్వరగా పాడవదు కదా. ఒకసారి ఊరికే అన్నాను: నిల్వ కోసమైతే తునకలే కట్టొచ్చు కదమ్మా, అవి నెలల తరబడి ఉంటాయి. అమ్మ స్టవ్ ముందు నుంచి తల తిప్పకుండానే, ‘అవి ఉంటయి బిడ్డా, నిన్ను ఉండనిస్తరా?’ అంది.

అమ్మ పేపర్ చదవదు. కానీ ఆమె భయానికి పేపర్లో సాక్ష్యాలు చాలా ఉన్నాయి. 2017 జూన్‌లో పండగ బట్టలు కొనుక్కుని ఢిల్లీ నుంచి ఇంటికి వెళ్తున్న ఒక ముస్లిం పిల్లవాడిని రైల్లో పొడిచి చంపారు. సీటు గొడవగా మొదలైంది, గొడ్డుమాంసం తినేవాళ్ళనే తిట్ల మీదుగా కత్తి దాకా వెళ్ళింది. 2024 ఆగస్టులో మహారాష్ట్రలో, ధూలే నుంచి ముంబై వెళ్ళే రైల్లో, కూతురి ఇంటికి మాంసం డబ్బాలు తీసుకెళ్తున్న ఒక ముసలాయనను కుర్రాళ్ళు చుట్టుముట్టి కొట్టి వీడియో తీశారు. వీళ్ళిద్దరూ ముస్లింలు, నేను కాదు. కానీ డబ్బా మూత తీసినప్పుడు ఆ తేడా ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? 2016 జూలైలో ఉనాలో చచ్చిన ఆవు చర్మం వలుస్తున్నందుకు బట్టలిప్పి కొట్టింది మావాళ్ళనే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ప్రయాణం గురించీ తిండి గురించీ ఇప్పుడు మన చుట్టూ వినిపిస్తున్న మాటలు నాకు సగమే నిజమనిపిస్తున్నాయి. ఒక ప్రాంతం తెలియాలంటే అక్కడి తిండి తినాలంటారు. వీడియోలు, ఫుడ్ వాక్‌లు, యూనివర్సిటీ ఫెస్ట్‌లలో రాష్ట్రానికో స్టాల్, అన్నీ ఇదే మాట చెప్తాయి. నేనూ ఆ వీడియోలు రాత్రి రెండింటి దాకా చూసే మనిషినే. కొత్త ఊళ్ళో కొత్త తిండి తినడం నాకు నిజంగా ఇష్టం. కానీ ఆ వీడియోల్లో తిరిగే మనిషికి కులం ఉండదు. ఎక్కడైనా కూర్చుంటాడు, ఎవరి వంటింట్లోకైనా తొంగిచూస్తాడు, ఆ ఇంటి పెద్దావిడ నవ్వుతూ ముద్ద చేసి నోట్లో పెడుతుంది. ఆ మనిషి ఏం తినబోతున్నాడన్నదొక్కటే అక్కడ ప్రశ్న. మా ప్రయాణంలో అంతకన్నా ముందొచ్చే ప్రశ్న వేరే: ఇక్కడ మనం ఏం తింటామని చెప్పాలి?

ఇంకో సంగతి. ‘స్థానిక వంట’ అని మనకు వడ్డించేది ఎవరి వంట? హైదరాబాద్‌లో ఏ ఆంధ్రా రెస్టారెంట్‌కైనా వెళ్ళండి, మెనూలో ‘రాజుగారి కోడిపలావు’ కనిపిస్తుంది. బెంగళూరులో వీధి వీధికీ అయ్యంగార్ బేకరీ. కులం పేరు అక్కడ రుచికి గ్యారంటీ, దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ‘మాదిగోళ్ళ పెద్దకూర’ అని ఒక బోర్డు ఊహించుకోండి. ఊహలోనే నవ్వో భయమో వస్తుంది, రెండూ ఒకచోటి నుంచే వస్తాయి. హైదరాబాద్ రుచుల జాబితాల్లో దమ్ బిర్యానీ తప్పకుండా ఉంటుంది, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీమ్ ఉంటుంది. పాతబస్తీలో ఆటోడ్రైవర్లు, కూలీలు, మాలాంటి హాస్టల్ పిల్లలు కడుపు నింపుకునే కళ్యాణీ బిర్యానీ, అంటే బర్రె మాంసపు బిర్యానీ, ఆ జాబితాల్లోకి చాలా అరుదుగా వస్తుంది.

దేశం తన తిండిని ప్రపంచానికి చూపించుకునేటప్పుడూ ఇంతే. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీలో జీ20 నాయకులకు ఇచ్చిన విందు పూర్తిగా శాకాహారం. 2014 నాటి ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం ఈ దేశంలో 15 ఏళ్ళు దాటినవారిలో 70 శాతానికి పైగా మాంసాహారులు, తెలంగాణలో అయితే 98 శాతానికి పైగా. ఆ విందులో చిరుధాన్యాలకు మాత్రం పెద్దపీట వేశారు, అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కాబట్టి. మా అవ్వ బతికుంటే చిరుధాన్యాలు దేశాధినేతలకు పెట్టారని విని నవ్వేది. ఆమెకు వరి అన్నం పండగ. గటక రోజూ తప్పని తిండి.

బోర్డు మీద మన తిండి పేరు చదవడం ఎలా ఉంటుందో నాకు మొదటిసారి కేరళలో తెలిసింది. ఎంఏ రెండో సంవత్సరంలో ఒక సెమినార్‌కి వెళ్ళి, కోజికోడ్ బస్టాండ్ దగ్గర ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. గోడ మీద రాసి ఉంది: పొరోటా, బీఫ్ ఫ్రై, బీఫ్ కర్రీ, ధరలతో సహా. చాయ్, దోశ పక్కనే, అదే సైజు అక్షరాల్లో. నా పక్క టేబుల్ దగ్గర యూనిఫాంలో ఉన్న కండక్టర్ అది తింటూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. కొబ్బరి ముక్కలు వేసి నల్లగా వేయించిన ఆ మాంసం చాలా బాగుంది, కానీ ఆ రోజు నేను ఎక్కువసేపు చూసింది గోడనే. కేరళలో కులం లేదని చెప్పడం లేదు, అక్కడి దళిత మిత్రులు ఆ మాట వింటే నన్ను క్షమించరు. ఒక పదం బహిరంగంగా, భయం లేకుండా గోడ మీద ఉండొచ్చన్నది మాత్రం నాకు అంతకుముందు తెలియదు.

ఆ తర్వాత నాలుగేళ్ళకు పీహెచ్‌డీ ఫీల్డ్‌వర్క్ కోసం మరాఠ్వాడాకి వెళ్ళాను. నా పరిశోధన వలస కూలీల మీద. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల కింద దేశమంతా వెళ్ళిన మట్టిపని కూలీలు ఒకవైపు, బీడ్ జిల్లా నుంచి పశ్చిమ మహారాష్ట్ర, కర్ణాటక చక్కెర మిల్లుల ప్రాంతాలకు వెళ్ళే చెరకు కోత కూలీలు ఇంకోవైపు. అక్కడ భార్యాభర్తల జంటను కలిపి ఒక ‘కోయతా’గా, అంటే ఒక కత్తిగా లెక్కిస్తారు. ముకాదం ముందే అడ్వాన్స్ ఇస్తాడు, దసరా వెళ్ళాక బయల్దేరతారు, ఎండాకాలం మొదలయ్యేసరికి తిరిగొస్తారు. అందుకే నేను మే నెలలో వెళ్ళాను. మరాఠీ నాకు అంతంతమాత్రం. అయినా మరాఠ్వాడా 1948 దాకా మాలాగే నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి మా ఊరి దక్కనీ హిందీ అక్కడ చక్కగా పనికొచ్చింది.

మొదట ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంటికి తీసుకెళ్ళారు. ఊరి పెద్దల్ని కలవకుండా వాడల్లోకి వెళ్తే బాగుండదని చెప్పారు. ఆ ఇంటావిడ స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది. యూనివర్సిటీ నుంచి వచ్చిన మేడం అని గౌరవంగానే మాట్లాడారు. తర్వాత ఆయన పేరడిగాడు, చెప్పాను. పూర్తి పేరు అడిగాడు. నా పేరు చివర కులం చెప్పే తోక ఏదీ లేదు. మీ వాళ్ళేం చేస్తారని అడిగాడు. ఈసారి నేను దాచలేదు. పావుగంట తర్వాత చాయ్ వచ్చింది. ఆయనకూ, నన్ను తీసుకొచ్చిన ఉపాధ్యాయుడికీ పింగాణీ కప్పుల్లో, నాకు కాగితపు కప్పులో. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ చాయ్ కూడా బాగుంది, అల్లం దట్టంగా వేశారు. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని మన ఊళ్ళలో చెప్పేవాళ్ళు ఈ కాగితపు కప్పు గురించి ఒకసారి ఆలోచించాలి. కప్పు తాగాక పారేస్తారు కాబట్టి ఫిర్యాదుకు సాక్ష్యం కూడా మిగలదు.

కలిసి తింటే మనుషులు దగ్గరవుతారన్న మాట ఆ కప్పు చేతిలో పట్టుకుని ఆలోచించాను. బాబాసాహెబ్ 1936లో ‘కుల నిర్మూలన’లో సహపంక్తి భోజనాల గురించి ఇదే చెప్పాడు. కులాంతర విందులు జరుగుతూనే ఉన్నాయి, కులం మాత్రం చావలేదు, దానికి కులాంతర వివాహాలు కావాలి, అంతకన్నా ముందు కులాన్ని నిలబెట్టే శాస్త్రాల మీద నమ్మకం పోవాలి అన్నాడు. తిండిని సంస్కృతుల మధ్య వంతెన అని పిలిచేవాళ్ళు ఆ వాక్యాల్ని దాటేసి వెళ్తారు. నా ముందున్న చాయ్‌లో సంస్కృతి మార్పిడి జరగలేదా అంటే జరిగింది. ఆయన నా గురించి ఏం తెలుసుకోవాలనుకున్నాడో తెలుసుకున్నాడు. నేనూ ఆయన గురించి తెలుసుకున్నాను.

మర్నాడు మాంగ్ వాడకు వెళ్ళాను. మాంగ్‌లు, అంటే మాతంగులు, తాళ్ళు పేనే కులం, చెప్పాలంటే మా మాదిగలకు దగ్గరి బంధువుల్లాంటివాళ్ళు. నేను ఇంటర్వ్యూ చేయాల్సిన ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. అందరూ ఆమెను మావశీ అని, అంటే పిన్నీ అని పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. రెండు గదుల రేకుల ఇల్లు. గోడ మీద బాబాసాహెబ్, పక్కన అన్నాభావు సాఠే. ముప్పై సీజన్లు చెరకు కొట్టిన చేతులు ఆమెవి. ఆమె నాకోసం భోజనం సిద్ధం చేసి ఉంచింది: పూరీలు, ఆలుగడ్డ కూర, దుకాణం నుంచి తెప్పించిన చిన్న శ్రీఖండ్ డబ్బా. నూనె ప్యాకెట్ కొత్తగా చింపినది పొయ్యి పక్కనే ఉంది. ఆ శ్రీఖండ్ అప్పుకి తెచ్చారని ఆమె మనవరాలు నాకు తర్వాత చెప్పేసింది.

నేను కూర్చున్న చోటి నుంచి వెనక వాకిలి కనిపిస్తోంది. అక్కడ రెండు గుంజల మధ్య తాడు, తాడు మీద ఒక పాత చీర కప్పి ఉంది. ఉతికిన చీర ఆరేసినట్టే ఉంది, కానీ చీర కింద నుంచి సన్నటి ముదురు గోధుమరంగు కొసలు వేలాడుతున్నాయి. కాకులు చుట్టూ తచ్చాడుతున్నాయి. మా ఊళ్ళో మా అవ్వ కూడా ఇలాగే తాడు కట్టేది, నన్ను కర్ర ఇచ్చి కాకుల కాపలా పెట్టేది. మధ్యాహ్నమంతా ఆ పని చేసినందుకు సాయంత్రం ఒక తునక నిప్పుల మీద కాల్చి ఇచ్చేది.

పూరీలు తింటున్నాను. మావశీ నా ముఖం చూస్తోంది, నచ్చిందా అని. నేను తాడు చూస్తున్నాను. ఆమె నేను తాడు చూడటం చూసింది. ‘అది ఏమీ లేదు, పిల్లలు…’ అని ఏదో చెప్పబోయింది. అప్పుడు అన్నాను: ‘మావశీ, దాన్ని మా ఇంట్లో తునకలంటాం. మీరేమంటారు?’

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా పళ్ళెం తన వైపు లాక్కుని, ‘అయితే ఇదెందుకు తింటున్నావ్ పోరీ!’ అని గట్టిగా నవ్వింది. దాన్ని వాళ్ళు చాన్యా అంటారట. అప్పటిదాకా ఆమె నా నుంచి దాచింది, నేను ఆమె నుంచి దాచాను. ఆమె నాకోసం అప్పు చేసి పూరీలు వండితే, నేను సంచిలో అమ్మ కట్టిన పులిహోర పెట్టుకుని వెళ్ళాను. ఒకరికొకరం చూపించుకున్నది పెద్ద కులాల వంటిల్లు. మా ఇద్దరిలో ఎవరికీ అది సొంతం కాదు.

ఆ రాత్రి ఆమె చాన్యా వండింది. ఉల్లిగడ్డ, వెల్లుల్లి కాల్చి నూరింది. యేసుర్ అనే మసాలా పొడి వేసింది. నూనె గరిటెడు కూడా పట్టలేదు, మాంసపు కొవ్వే సరిపోయింది. జొన్నరొట్టెలు చేత్తో కొట్టింది, మా అమ్మ కొట్టినట్టే, కాకపోతే కొంచెం పెద్దవి. మేం తునకలు గోంగూరలో వేస్తామంటే ఆశ్చర్యపోయింది. వాళ్ళకు పులుపు అలవాటు తక్కువ. మా కారం సంగతి చెప్పాను, వాళ్ళ కారం సంగతి కళ్ళల్లో నీళ్ళతో తెలుసుకున్నాను. 2015లో మహారాష్ట్ర చట్టం ఎద్దుల వధను కూడా నిషేధించాక తమకు దొరికేది బర్రె మాంసమేనని, అది కూడా సంతలో ధర పెరిగిందని, అందుకే ఏడాదికి ఒకట్రెండుసార్లే ఎండబెడుతున్నామని చెప్పింది. మరి చీర ఎందుకు కప్పారంటే, దారిన పోయే కుర్రాళ్ళు ఫోన్లలో ఫోటోలు తీస్తున్నారట. బర్రెదో ఆవుదో ఫోటోలో తెలియదు కదా అంది.

ఒక ప్రాంతపు సంస్కృతిని తిండి ద్వారా తెలుసుకోవడమంటే ఏమిటో ఆ రాత్రి నాకు కొంత అర్థమైంది. వేరే రాష్ట్రానికి, వేరే భాషలోకి వెళ్ళి నేను చేరుకున్నది మా అవ్వ వాకిట్లోకి. దేశాన్ని రాష్ట్రాలుగా కోసి రుచుల పటం గీసేవాళ్ళకు ఈ దారి కనబడదు. బీడ్‌లో రైతు ఇంటి పురణ్‌పోళీకి నాగర్‌కర్నూల్లో మా ఊరి పెద్దల ఇంటి బొబ్బట్టు చుట్టం. మావశీ చాన్యాకి మా తునకలు చుట్టం. వంటిళ్ళ బంధుత్వాలు రాష్ట్రాల సరిహద్దుల వెంట కాదు, వాడల వెంట నడుస్తాయి. ఈ మాట నేను కనిపెట్టింది కాదు. 2009లో పూణే యూనివర్సిటీలో శర్మిళా రేగే, ఆమె విద్యార్థులు దళితుల ఆహార జ్ఞాపకాలను సేకరించి ‘ఈ పళ్ళెం భారతీయం కాదా’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం తెచ్చారు. మరాఠ్వాడా మహార్, మాంగ్ వంటిళ్ళ మీద శాహూ పాటోళే 2015లో మరాఠీలో రాసిన పుస్తకం పేరే ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’. అన్నం పరబ్రహ్మ స్వరూపం అనే మాటకు అది జవాబు. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. నేను రెండూ చదివే వెళ్ళాను. చదివినా మావశీ ముందు పూరీలు తింటూ కూర్చున్నాను, అది వేరే సంగతి.

ఇక్కడ ఆగితే ఈ వ్యాసం నాకు అనుకూలంగా ముగిసేది. ‘ఆహారం ద్వారా ప్రతిఘటన’ అని ఒక పేపర్‌కి శీర్షిక కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మూడో రోజు పక్క బౌద్ధవాడలో ఒక పెద్దాయనతో మాట్లాడాను. రిటైరైన పోస్ట్‌మన్. మావశీ ఇంట్లో చాన్యా తిన్నానని ఉత్సాహంగా చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు. తమ ఇంట్లో 1956 తర్వాత ఆ కూర వండలేదన్నాడు. ‘పాటిల్ ఇంటి దగ్గర ఎద్దు చచ్చిందని కబురొస్తే మా నాయన అన్నం ముందు నుంచి లేచి పోవాల్సిందే. ఈడ్చుకొచ్చింది కోసుకుని అదే తినేవాళ్ళం. నాకు ఆరేళ్ళప్పుడు దాని వాసనతో జ్వరమొచ్చింది. మీరు పుస్తకాల్లో ఏం రాస్తారో నాకు తెలియదు. నేను మాత్రం తినను’ అన్నాడు.

1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్ళు తాగించడమే కాదు, చచ్చిన పశువుల మాంసం తినడం మానేయమని కూడా చెప్పాడు. ఆ మాంసం వెనక వెట్టి ఉంది, ఊరి పశువుల కళేబరాలు మోయాల్సిన విధి ఉంది. దాన్ని వదిలేయడం ఆ పెద్దాయన తండ్రికి విముక్తి. కోసిన పశువు మాంసం కొనుక్కుని ఎండబెట్టుకోవడం మావశీకి హక్కు, కోడికూర కొనలేని నెలల్లో పిల్లలకు కాస్త బలం. బయటినుంచి చూస్తే రెండూ ఒకటే మాంసం. నేను దాన్ని ఒకే శీర్షిక కింద పెట్టబోయాను. ఉస్మానియాలో 2012 ఏప్రిల్‌లో బీఫ్ ఫెస్టివల్ జరిపిన తరం మాకు ధైర్యం ఇచ్చింది, ఆ రుణం నేను మర్చిపోను. తినే హక్కు కోసం మాట్లాడటం వేరు, తిండిని మన గుర్తింపు జెండాగా పట్టుకుని తినడం మానేసిన మనవాళ్ళను తక్కువ చేయడం వేరు. క్యాంపస్‌లో మనం ఈ రెండో పని అప్పుడప్పుడు చేస్తున్నాం. నేనూ చేశాను. రేపు ఏ పెద్ద హోటలో చాన్యాని చిన్న పళ్ళెంలో పెట్టి వెయ్యి రూపాయలకు అమ్మితే మనం దాన్ని గెలుపనుకుంటామా అనేది కూడా ఆలోచించాలి. జొన్నకు జరిగిందదే కదా.

తిండి గురించి ఇంత మాట్లాడాను, నీళ్ళ గురించి చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఔరంగాబాద్‌లో (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) దిగి దౌలతాబాద్ కోటకు వెళ్ళాను. 1934లో బాబాసాహెబ్ ముప్పైమంది దాకా మిత్రులతో ఎల్లోరా చూడటానికి వస్తూ ఈ కోట దగ్గర ఆగాడు. రంజాన్ నెల. ద్వారం బయట నిండుగా ఉన్న నీటి తొట్టిలోని నీళ్ళతో కొందరు ముఖాలు కడుక్కున్నారు. అంటరానివాళ్ళు నీళ్ళు మైలపరిచారని ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు, జనం పోగయ్యారు. చివరికి లోపల నీళ్ళు ముట్టుకోకుండా చూడటానికి సిపాయిని వెంట పంపి కోట చూడనిచ్చారు. ఆపినవాళ్ళు ముస్లింలు. బాబాసాహెబ్ దాన్ని దాచలేదు, మెత్తబరిచి చెప్పనూ లేదు.

‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఈ సంగతి ఉంది. అదే పుస్తకంలో 1901 నాటి ప్రయాణమూ ఉంది. గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి సతారా నుంచి పిల్లలు రైల్లో వెళ్తారు, కొత్త బట్టలతో, డబ్బా నిండా తిండితో. స్టేషన్ మాస్టర్ వాళ్ళ కులం తెలిసి ముఖం మార్చుకుంటాడు. బండివాడు రెట్టింపు కిరాయి తీసుకుని, బండి పిల్లలే తోలుకోవాలంటాడు. దారిలో తాగడానికి ఎవరూ నీళ్ళివ్వరు, గుంటలో ఉన్నవి పేడ కలిసిన నీళ్ళు. టోల్ వసూలు చేసే అతని దగ్గర ముస్లింలమని అబద్ధం చెప్పినా నీళ్ళు దొరకవు. డబ్బాలో తిండి ఉండి కూడా పిల్లలు ఆకలితో పడుకుంటారు. మనదేశంలో ప్రయాణమూ తిండీ గురించి రాసిన పుస్తకాల్లో మొదట చదవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. టూరిజం కోర్సుల్లో దీన్ని ఎందుకు పెట్టరో అడగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

కోట మెట్ల దగ్గర నేను ఇరవై రూపాయలు పెట్టి నీళ్ళ సీసా కొన్నాను. పర్యావరణం మీద పనిచేసే నా మిత్రులు స్టీలు బాటిల్ పెట్టుకుని తిరగమంటారు. వాళ్ళ మాట న్యాయమే. కానీ తెలియని ఊళ్ళో ఆ బాటిల్ నింపుకోవాలంటే ఒక గడప ముందు నిలబడాలి, నిలబడితే ఎవరమ్మాయివని అడుగుతారు. ప్లాస్టిక్ సీసా అమ్మేవాడు అడగడు. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురిని చంపిన దాడి మొదలైంది కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే, తాగే నీళ్ళలోకి బర్రెల కుడితి బక్కెట్ కడగొద్దన్నందుకే. మాకు నీళ్ళ సీసా వట్టి సౌకర్యం కాదు.

ఊరు వదిలేటప్పుడు మావశీ నాకు చాన్యా పొట్లం కట్టిచ్చింది. ముందు పాత పేపర్లో, దాని మీద పాలిథిన్ కవర్, దాని మీద చీర ముక్క. ‘రైల్లో విప్పకు పోరీ’ అని రెండుసార్లు చెప్పింది. నేను దాన్ని బ్యాగ్‌లో పుస్తకాల కింద, బట్టల మధ్య పెట్టాను. రాత్రంతా ఆ బ్యాగ్ తలకింద పెట్టుకుని పడుకున్నాను. ఎదురు బెర్తులో ఒక కుటుంబం దోసకాయ ముక్కలు పంచింది, తీసుకున్నాను, థాంక్స్ చెప్పాను. మీరేం తెచ్చుకున్నారని వాళ్ళ చిన్నపిల్ల అడిగింది. తినేశానని చెప్పాను.

ఇంటికి చేరాక అమ్మ పొట్లం విప్పి వాసన చూసింది. ‘ఏందే, తునకలు! అంత దూరంల గూడ మనోళ్ళున్నరా?’ అంది. ఉన్నారన్నాను. పేరడిగింది, చాన్యా అని చెప్పాను. రెండుమూడుసార్లు పలికి చూసుకుంది. మావశీ వండినట్టు వండమన్నాను, వినలేదు, గోంగూరలోనే వేసింది. తింటూ మావశీ గురించే అడిగింది: ఎంతమంది పిల్లలు, సొంత ఇల్లుందా, అప్పు తీరిందా. నా పరిశోధన గురించి అమ్మ అన్ని ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి.

పోయిన నెల మళ్ళీ బీడ్ వెళ్ళాను. మావశీకి ఇమ్మని అమ్మ ఎండబెట్టిన గోంగూర, మా తునకలు కొన్ని కట్టింది. అవి బ్యాగ్ అడుగున పెట్టింది. పైన, చేతికందేలా, పులిహోర డబ్బా.